బోర్లా బతికిన గంప

నేను ఒక కోళ్ళ గంపను. ఈ మాట వినగానే మీలో కొందరు పేజీ తిప్పేస్తారని నాకు తెలుసు. వీణో, గోడ గడియారమో, జమీందారు గారి చేతికర్రో నోరు విప్పితే చెవులు రిక్కించి వింటారు. కోళ్ళ రెట్టలో బతికిన గంపకు కథేమిటని అడుగుతారు. అడగండి. మీ మెప్పు కోసం చెప్పడం లేదు, విసుగెత్తి చెబుతున్నాను. గుప్పెడంత కుక్కపిల్ల ఒకటి నా కిందికి చేరి రాత్రుళ్ళు రాత్రుళ్ళు ఏడిచి నా ప్రాణం తోడేసింది. గంపకు చెవులెక్కడివంటారేమో. ఒళ్ళంతా చిల్లులున్నదానికి వేరే చెవులెందుకు?

మొదటి నుంచీ చెబితేనే నా బాధ మీకు తెలుస్తుంది. అనకాపల్లి నుంచి చోడవరం వెళ్ళే రోడ్డు పక్కన ఒక నీలం టార్పాలిన్ కింద పుట్టాను. నన్ను అల్లింది మేదరి సన్యాసమ్మ. వెదురు బొంగును నిలువునా చీల్చి, ముందు సన్నటి బద్దలు తీసి చేట అల్లింది. మిగిలిన ముతక బద్దలతో, మధ్యలో టీ తాగడానికి లేచి వెళ్ళి మరీ, నన్ను అల్లింది. అంటే చేట నాకు తోడబుట్టిన అక్క. ఒకే బొంగు, ఒకే చెయ్యి, ఒకే పూట. కానీ రాతలు చూడండి. అక్క బియ్యం చెరుగుతుంది, పెళ్ళిళ్ళలో పసుపు పూయించుకుంటుంది, పురిటింట్లో పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుంటుంది. దానిలో ఏది పెట్టినా లోకమంతా వంగి చూసి మురిసిపోతుంది. నన్ను మాత్రం బోర్లా తిప్పి, కింద కోళ్ళను తోసి, నెత్తిన రాయి పెడతారు. పుట్టిన దగ్గర్నుంచి నేను చూసిన లోకమంతా నేలే.

నన్ను మొదట కొన్నవాడు పందెం కోళ్ళ దాలినాయుడు. నా కింద ఉండేది ఒక్కటే పుంజు. దానికి బాదం పప్పు, జీడిపప్పు, నల్ల ద్రాక్ష. దాలినాయుడికి మాత్రం గంజి, పచ్చిమిరపకాయ. పుంజుకు రోజూ ఒళ్ళు పట్టేవాడు, దాని చెవిలో కబుర్లు చెప్పేవాడు. కన్నకొడుకుతో కూడా అంత నెమ్మదిగా మాట్లాడి ఎరగడని వాళ్ళావిడ దెప్పేది. ఆ పుంజు మొదటి పందెంలోనే తోక ముడిచింది. ఆ రాత్రి దాలినాయుడు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే కూరలో ఇంకో రెండు ముక్కలు వేయించుకున్నాడు. మనుషుల ప్రేమ ఎలాంటిదో నాకు అప్పుడే కొంత అర్థమైంది.

పుంజు పోయాక నా మొహం చూడబుద్ధి కాలేదు కాబోలు, పెట్టలు కొనడానికి వచ్చిన పైడమ్మకు నన్ను కొసరుగా ఇచ్చేశాడు. పైడమ్మ భర్త నూకరాజు బెల్లం మార్కెట్లో కళాసీ. తెల్లవారకుండానే వెళ్ళి బెల్లం దిమ్మలు మోస్తాడు, మధ్యాహ్నానికి ఈగలను వెంటేసుకుని ఇల్లు చేరతాడు. మార్కెట్ వెనక పెంకుటిళ్ళ వరసలో వాళ్ళది చివరి నుంచి రెండో ఇల్లు. ఒక గది, ముందు అరుగు, వెనక కాస్త పెరడు. పైడమ్మ మాట కరుకు, చెయ్యి మెత్తన. నెత్తిన రాయి పెట్టేటప్పుడు కూడా చప్పుడు కాకుండా పెట్టేది.

అక్కడ నా రోజులు బాగానే వెళ్ళాయని చెప్పాలి. కోళ్ళను మీరు తక్కువగా చూస్తారు గానీ, వాటికున్న మర్యాద నేను ఇంకెవరిలోనూ చూడలేదు. పొద్దు వాలితే చాలు, ఎవరూ పిలవకుండానే వచ్చి నా కింద చేరతాయి. చీకటి పడిందా, నోరు మూశాయా, అంతే. మళ్ళీ కోడి కూసేదాకా చీమ చిటుక్కుమనదు. అయితే పెరటి వెనక తుప్పల్లో ఒక ముంగిస కాపురం పెట్టింది. పట్టపగలే ఒక్కొక్క పెట్టనూ ఎత్తుకుపోయింది. నా కింద ఉన్నంతసేపు ఒక్కదాని ఈక కూడా ఊడలేదని మాత్రం గట్టిగా చెప్పగలను. చివరి పెట్ట కూడా పోయాక పైడమ్మ నన్ను అరుగు మూలకు నెట్టి, మళ్ళీ ఈ ఇంట్లో కోడి మాట ఎత్తొద్దని అందరికీ చెప్పింది. నేను హాయిగా ఎండిపోవడం మొదలుపెట్టాను.

అప్పుడు ఊడిపడింది ఆ కుక్కపిల్ల.

మార్కెట్ గేటు దగ్గర టీకొట్టు వెనక ఒక కుక్క ఈనిందట. పిల్లలు ఎక్కువై కొట్టువాడు ఎవరు అడిగితే వాళ్ళకు ఇచ్చేస్తున్నాడట. నూకరాజు ఒకదాన్ని గోనెసంచిలో వేసుకుని తెచ్చాడు. ముదురు బెల్లం రంగు, కడుపు మాత్రం తెలుపు, ఒంటికి సరిపోని పెద్ద చెవులు. ఇది పెద్దదై ముంగిసను తరుముతుందనీ, అప్పుడు మళ్ళీ కోళ్ళను పెట్టుకోవచ్చనీ పెళ్ళానికి నచ్చజెప్పాడు. పైడమ్మ దాన్ని మెడ పట్టి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ముంగిసని తరువుతాదా మావా? ముంగిసే దీన్ని ఎత్తుకెల్లిపోద్ది."

అలా అంటూనే పాలు పోసింది. సాయంత్రం దాకా అందరికీ ఒకటే సంబరం. అది తన తోకను తాను పట్టుకోబోయి పడితే నవ్వు, చీపురుతో యుద్ధం చేస్తే నవ్వు. దానికి బెల్లం అని పేరు కూడా పెట్టేశారు. ఆ మొదటి పూట మురిపెం చూసి మోసపోని మనిషి ఉండడేమో.

చీకటి పడ్డాక అసలు సంగతి బయటపడింది. దీన్ని ఎక్కడ పడుకోబెట్టాలి? గదిలోకి కుక్కను రానిచ్చేది లేదని పైడమ్మ ఖరాఖండిగా చెప్పేసింది. అరుగు మీద వదిలేస్తే రోడ్డెక్కుతుంది. అప్పుడు ఆమె చూపు నా మీద పడింది. పిల్ల ఏదైనా పిల్లే, చీకటి చేసి మూసేస్తే అదే పడుకుంటుందని ఆమె నమ్మకం. జీవితమంతా కోళ్ళను పెంచిన మనిషి, ఆమెకు తెలిసిన విద్య అది. కుక్కపిల్లను నా కిందికి తోసి, నెత్తిన రాయి పెట్టి, లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత మొదలైంది. ముందు ముక్కుతో సన్నగా, కుయ్ మని. ఆపైన కాస్త సాగదీసి. ఆపైన ఆగి, ఎవరైనా వస్తున్నారా అని విని, రావడం లేదని తెలిశాక గొంతెత్తి ఊళ. మధ్యలో నా బద్దల్ని గోళ్ళతో గీకుడు. నేను పుంజు కూత విన్నాను, గుడ్డు పెట్టిన పెట్ట గోల విన్నాను. అవి దేనికో ఒకదానికి అరుస్తాయి, పని అయ్యాక ఆపుతాయి. దీనికి ఆపడమన్నది తెలియదు. నోరు మూసుకోవే అని చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నది ఒక్కటే నోరు, అది నేలకు ఆనించి ఉంది.

కాసేపటికి నూకరాజు లేచి వచ్చి రాయి తీసి, పాలు పట్టి, బుజ్జగించాడు. అది తోక ఊపింది. మళ్ళీ మూసి వెళ్ళాడు. మళ్ళీ ఏడుపు. ఈసారి పైడమ్మ వచ్చి తిట్టింది. దానికి తిట్టు కూడా తీపే. మనిషి వచ్చాడు కదా, అది చాలు. అలా వాళ్ళు వస్తూ పోతూ ఉన్నారు. అరిస్తే మనుషులు వస్తారని ఆ కుక్కపిల్ల మొదటి రాత్రే నేర్చేసుకుంది. నేర్పుతున్నది తామేనని ఆ మొగుడూ పెళ్ళాలకు తట్టలేదు. గంపను, నాకు తెలిసింది. చెప్పేదెలా?

మర్నాడు పైడమ్మ లోపం ఎక్కడుందో కనిపెట్టింది. నా చిల్లుల్లోంచి వీధి దీపం వెలుగు పడుతోందట, అందుకే దానికి చీకటి చాలలేదట. నా మీద గోనె కప్పింది. ఏడుపు రెట్టింపయింది. ఆ తర్వాత రాత్రి నన్నూ దాన్నీ కలిపి పెరటి చివర, నీళ్ళ పొయ్యి పక్కకు చేర్చింది. దూరంగా ఉంటే వినబడదని. వాళ్ళకు నిజంగానే కాస్త తక్కువ వినబడింది. నాకు? పైగా ఆ తుప్పల్లో ఏదో కదిలినప్పుడల్లా అది బెదిరి నా బద్దలకు ఒళ్ళు ఆనించి వణికేది. ఎంత చిరాకుగా ఉన్నా ఆ వణుకు నాకు నచ్చలేదు. దాని ఒంట్లో ఉన్నదంతా ఎముకలూ గుండే. ఆ గుండె నా బద్దలకు కొట్టుకునేది. నాకు జాలి వేసింది, ఆ వెంటనే అది మళ్ళీ ఊళ పెట్టింది, జాలి ఎగిరిపోయింది.

పక్కింట్లో హేమ అనే బాలింత ఉంది. తొలి కాన్పు, ఆడపిల్ల. పురుడు పోయడానికి వచ్చిన వాళ్ళమ్మ కన్నమ్మ అక్కడే ఉంటోంది. ఇక్కడ కుక్కపిల్ల ఊళ పెడితే అక్కడ పసిబిడ్డ ఉలిక్కిపడి లేచేది. బిడ్డ ఏడుపు విని ఇది ఇంకా రెచ్చిపోయేది. దానికి తోడు, రాత్రిపూట కుక్క ఏడిస్తే ఇంటికి కీడని కన్నమ్మ పట్టుదల. మొదట గోడ అవతలి నుంచి గొణిగింది. తర్వాత గోడ ఇవతలికే వచ్చింది. ఆవిడ కళ్ళ కింద నల్లటి చారలు. బాలింత ఇంటి పక్కన ఆ ఏడుపేమిటి, పిల్లకు ఏదైనా అయితే ఎవరిది పూచీ అని అడిగింది.

"ఆదివారం మా గుంటని ఉయ్యాల్లో ఎయ్యాల. ఈలోపు అది నోరన్నా ముయ్యాల, ఊరన్నా దాటాల. సెప్పేను, అంతే."

పసిబిడ్డ పేరెత్తితే ఎవరు మాత్రం ఏం చెబుతారు? నూకరాజు గింజుకున్నాడు, ఇంకో నాలుగు రోజులు చూద్దామన్నాడు. కానీ అతని మాటకు బలం లేదు. నిద్ర చాలక ఆ పొద్దున్నే మార్కెట్లో బెల్లం దిమ్మ జారవిడిచి మేస్త్రీ చేత తిట్లు తిని వచ్చాడు. చివరికి ఇద్దరూ ఒక మాటకు వచ్చారు. శనివారం రాత్రి కూడా ఏడిస్తే, ఆదివారం ఉదయం అదే గోనెలో వేసి, వంతెన దాటించి, శారదా నది అవతల వదిలేసి రావడం. ఏరు దాటిన కుక్కకు వాసన తెగిపోయి తిరిగి రాలేదని వాళ్ళ లెక్క. ఇంకా పాలు మరవని ఆ పిల్ల అక్కడ ఏం తింటుందో, ఎన్నాళ్ళుంటుందో ఇద్దరూ అడగలేదు. అడగకపోవడం కోసం ఇద్దరూ ఆ పూటంతా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

పీడ విరగడవుతుందని నేను సంతోషించాలి కదా? సంతోషిద్దామనే చూశాను. కుదరలేదు. ఎందుకో అడక్కండి.

శనివారం సాయంత్రం. నన్ను మళ్ళీ అరుగు మూలకు తెచ్చి, అలవాటు కొద్దీ నెత్తిన రాయి పెట్టారు. పైడమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. కుక్కపిల్ల ఆమె కాలి మీద గడ్డం ఆనించి నిద్రపోతోంది. పగలంతా దానికి నిద్రే, రాత్రి డ్యూటీ కదా మరి. పక్క అరుగు మీద హేమ. ఆమె ముందు చేట, చేటలో మెత్తగా నలిగిన పాత చీర మడత, దాని మీద బిడ్డ. ఉయ్యాలలో వేసే రోజు దాకా బిడ్డను చేటలోనే పడుకోబెట్టడం వాళ్ళింటి ఆనవాయితీ. ఆ చేట మా అక్కే అయి ఉండాలని లేదు, సన్యాసమ్మ చేతిలో ఎన్ని చేటలు పుట్టలేదు? కానీ అంచు కట్టిన తీరు మాత్రం మా ఇంటిదే. నాకు కడుపు మండింది. దానికేమో పాల వాసన, నాకేమో ఉచ్చ వాసన.

బిడ్డ కదిలి మొహం చిట్లించింది. ఇక మొదలవుతుందని నేను బిగుసుకున్నాను. హేమ మాట్లాడుతూ మాట్లాడుతూనే బిడ్డ పొట్ట మీద అరచెయ్యి వేసింది. ఎత్తుకోలేదు, ఊపలేదు, పాలివ్వలేదు. చెయ్యి అలా ఉంచింది, అంతే. బిడ్డ ఓ నిట్టూర్పు విడిచి పడుకుంది.

పైడమ్మ అది చూసింది. చూసి, తన కాలి మీద ఉన్న దాని వంక చూసింది. హేమ కూడా అటే చూస్తోంది. రేపటి సంగతి ఆమెకు తెలుసు.

"అక్కా, ఒక మాటంతాను, ఏటీ అనుకోకు. నా గుంటని నాను కనబడకండ గంప కింద మూసేసి రాయెడితే, అది ఏడవకండా ఉంతాదా?"

కోళ్ళకు తల్లి అక్కర్లేదు, చీకటి చాలు. ఈ ముక్క పైడమ్మ మొహంలో తిరగడం నాకు కనబడింది. వాళ్ళమ్మ కట్టి విడిచిన చీర పక్కన పెడితేనే చిన్నప్పుడు తనకు నిద్ర పట్టేదనీ, అందుకే తన పాత చీర చేటలో పరిచాననీ హేమ ఇంకా ఏదో చెబుతోంది. పైడమ్మ అప్పటికే లేచి నిలబడింది. భర్తను పిలిచి, టీకొట్టు వెనక ఆ తల్లి కుక్క పడుకునే గోనె ఏదైనా ఉంటే పట్టుకు రమ్మంది. నూకరాజు ఎందుకని అడగలేదు. చొక్కా కూడా వేసుకోకుండా వెళ్ళాడు.

అతను తెచ్చిన గోనె గురించి చెప్పకపోవడమే మంచిది. మట్టి, వెంట్రుకలు, పులిసిన పాలు. పైడమ్మ ముక్కు మూసుకుని అరుగు మీదికి వచ్చి, నా మీద రాయి తీసింది. తర్వాత నన్ను రెండు చేతులతో పట్టుకుని తిరగేసింది.

మీకు ఇది చిన్న విషయం. నాకు లోకం తలకిందులైంది. అప్పటిదాకా మన్ను తప్ప చూడని నోటికి ఒక్కసారిగా దూలాలు, పెంకులు, పెంకుల సందులో బల్లి, అన్నీ కనబడ్డాయి. భయం వేసింది. నా వీపు గుండ్రం, నేల మీద నిలవను. దొర్లిపోబోయాను. పైడమ్మ నీళ్ళ బిందె కింది చుట్టకుదురు తీసి నా కింద పెట్టింది. లోపల ఆ గోనె పరిచింది. నన్ను గదిలోకి, కుక్కను రానివ్వనన్న ఆ గదిలోకే, తీసుకెళ్ళి తన చాప పక్కన పెట్టింది. బెల్లాన్ని నాలో వేసింది.

అది ముందు గోనె వాసన చూసింది. మూలమూలా చూసింది. ఒక చోట ముక్కు ఆనించి అలాగే ఉండిపోయింది. తర్వాత మూడు చుట్లు తిరిగి కూలబడింది. దీపం ఆర్పాక, అలవాటు చొప్పున కుయ్ మంది. ఆ ఒక్క కూతకు నా బద్దలన్నీ బిగుసుకున్నాయి. నోరు మూసుకో తల్లీ, నీకు దండం పెడతాను, ఈ ఒక్క రాత్రి మూసుకో, రేపు ఏరు దాటిస్తారే నిన్ను అని నాలో నేనే మొత్తుకున్నాను. రెండో కూత కాస్త పెద్దది. నూకరాజు లేవబోయాడు. పైడమ్మ వద్దని, పడుకునే చెయ్యి చాచి, నా అంచు మీంచి లోపలికి వేలాడేసింది. ఆ చెయ్యి దాని వీపు మీద ఆగింది. తిట్టలేదు, నిమరలేదు. అది ఆ చేతిని నాకింది, గడ్డం వేళ్ళ మీద పెట్టింది. ఎప్పుడు పడుకుందో నాకు తెలియదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ నిద్రపోయాను.

తెల్లారి కన్నమ్మ వచ్చింది. ఉయ్యాల పూట కదా, తలంటుకుని కొత్త చీర కట్టింది, కానీ మొహంలో కళ లేదు. గుమ్మం దగ్గర నిలబడి గొంతు తగ్గించి అడిగింది.

"రాత్రి సప్పుడే లేదు. అప్పుడే ఇసిరేసి వచ్చేసేరేటే?"

ఏడుపు ఆగిపోయిందని ఆవిడ రాత్రంతా నిద్రపోలేదట. మనుషులు ఎప్పుడు దేనికి బాధపడతారో చెప్పడం నా వల్ల కాదు. పైడమ్మ నా వైపు వేలు చూపించి, పెదాల మీద వేలు పెట్టింది.

"మెల్లగ మాటాడు పిన్నీ. నిద్దరోతంది."

కన్నమ్మ వంగి చూసింది. అదీ అసలు సంగతి. నా జన్మలో మొదటిసారి, నాలో ఏముందో చూడడానికి ఒక మనిషి వంగి, చూసి, మురిసిపోయింది. ఆ పూట పక్కింట్లో చేటకు పసుపు రాశారు, పాటలు పాడారు, బిడ్డను ఉయ్యాలలో వేశారు. నాకు అసూయ కలగలేదు. తీరిక లేక కూడా కావచ్చు, ఒళ్ళో పిల్ల ఉంది కదా.

ఇక్కడితో ఆపితే నన్ను మంచి గంప అనుకుంటారు. ఆపను. ఆ పిల్లకు పళ్ళు వచ్చాయి. నా అంచు మొదట నమిలింది, తర్వాత బద్దలు పీకింది. పైడమ్మ నన్ను రోజుకింత చొప్పున చాప దగ్గర్నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి అరుగు దాకా జరుపుకుంటూ పోయింది. అది గమనించనే లేదు, నాతోపాటే జరిగింది. ముంగిస ఎటో వలస పోయింది. ఇది తరిమిందని నూకరాజు ఊరంతా చెబుతాడు. దీని గురక భరించలేక పోయిందని నా అభిప్రాయం. కొత్త కోళ్ళు వచ్చాయి, వాటికి ఇనుప జాలీ గూడు కొన్నారు.

మొన్న పైడమ్మ నా వాలకం చూసి, సగం అంచు లేని గంప దేనికని నీళ్ళ పొయ్యి దగ్గరకు తీసుకెళ్ళింది. వెదురు బాగా మండుతుంది, ఆ సంగతి నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. పొయ్యి ముందు పెట్టి అగ్గిపెట్టె కోసం లోపలికి వెళ్ళింది. అప్పుడు మొదలైంది. ముందు ముక్కుతో సన్నగా, కుయ్ మని. ఆపైన సాగదీసి. పక్కింట్లో ఉయ్యాలలో బిడ్డ లేచింది, కన్నమ్మ గోడ మీంచి తల పెట్టింది. పైడమ్మ అగ్గిపెట్టె చేత్తో పట్టుకుని వచ్చి దాన్ని చూసింది, నన్ను చూసింది, ఖర్మ అని తల కొట్టుకుని నన్ను మళ్ళీ అరుగు మీద వెల్లకిలా పెట్టింది. నా ప్రాణం తోడేసిన ఏడుపే నా ప్రాణం నిలబెట్టింది.

ఇప్పుడది నాలో పట్టదు. తల మాత్రం నాలో పెట్టి, మిగతా ఒళ్ళంతా అరుగు మీద పరిచి పడుకుంటుంది. తలే మణుగు బరువు. ఇదిగో, మీతో మాట్లాడుతుండగానే ఇంకో బద్ద పీకింది. పీకితే పీకింది, ఇక్కడే ఉండి పీకనీ.